బైకుకి కొత్త స్పోర్ట్ టూరింగ్ టైర్లు కొనేముందు పాత టైరు చూడండి: మిషెలిన్ రోడ్ 6 టైర్లతో 9,000 కిలోమీటర్లు

టైర్లు అరిగాయి, మార్చాలి అనగానే మనలో చాలామంది చేసే మొదటి పని ఏ టైరు మంచిదని నలుగురినీ అడగడం. నలుగురూ నాలుగు పేర్లు చెబుతారు. చెప్పినవాళ్లంతా నిజమే చెబుతారు, ఎందుకంటే ఎవరి బండికి, ఎవరు తిరిగే రోడ్లకి, ఎవరు నడిపే తీరుకి అది బాగానే పనిచేసి ఉంటుంది. ఈసారి నేను ఎవరినీ అడగకముందే బండిని వెనక చక్రం గాల్లో ఉండేలా లేపే ప్యాడక్ స్టాండు ఎక్కించి, వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుకుంటూ పాత టైరు ముందు ఓ అరగంట కూర్చున్నాను. ఏది కొనాలో ఆ పాత టైరే చెప్పింది. అందుకే ఈ రివ్యూ దాంతోనే మొదలుపెడుతున్నాను.

అది పక్కా స్పోర్ట్ టైరు. పేరు చెప్పను, ఎందుకంటే తప్పు దానిది కాదు, నేను తిరిగే తిరుగుడుకి అలాంటిది తెచ్చుకోవడమే తప్పు. 6,000 కిలోమీటర్లకే నడిమధ్యలో నాలుగు వేళ్ల వెడల్పున బల్లపరుపుగా అరిగిపోయింది. గాడి అడుగున చిన్న గట్టులా ఉండే అరుగుదల గుర్తు ట్రెడ్‌తో, అంటే రోడ్డుకి తగిలే పైభాగంతో సమానమైపోయింది. అదే టైరు అంచుల దగ్గర చూస్తే ఇంకా కొత్త మెరుపు, అచ్చులోంచి వచ్చినప్పుడు ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు కూడా అక్కడక్కడా అలాగే ఉన్నాయి. ఖరీదు పెట్టి కొన్న మెత్తటి రబ్బరు అంచుల్లో వాడకుండానే మిగిలిపోయింది, నేను రోజూ వాడే మధ్య భాగమేమో ఎప్పుడో అయిపోయింది.

ఇలా చదునుగా అరిగిన టైరుతో నడిపినవాళ్లకి ఆ ఇబ్బంది తెలుసు. మలుపు మొదట్లో బండి వంగనని మొండికేస్తుంది, కొంచెం బలంగా తోయగానే చదును భాగం దాటి గట్టు మీంచి జారినట్టు ఒక్కసారిగా పక్కకి పడుతుంది. రోజూ కొద్దికొద్దిగా జరుగుతుంది కాబట్టి మనకి తెలీకుండానే అలవాటైపోతాం, బండి బరువెక్కిందనో సస్పెన్షన్ పోయిందనో అనుకుంటాం. నేను కూడా సస్పెన్షన్ సెట్టింగులు మూడు నెలలు అటూ ఇటూ తిప్పాను.

ముందు టైరు కథ వేరు. దాన్ని కళ్లతో చూస్తే ఏమీ కనిపించదు, అరచెయ్యి పెట్టి చూడాలి. ట్రెడ్ మీద చెయ్యి ఒక దిశలో రాస్తే నున్నగా జారింది, వెనక్కి రాస్తే ప్రతి గాడి అంచూ రంపం పళ్లలా వేళ్లకి తగిలింది. ముందు బ్రేకు పడ్డ ప్రతిసారీ రబ్బరు ముక్కలు ఒకవైపుకే నొక్కుకుంటాయి కాబట్టి కొంత అలా అరగడం మామూలే. కానీ గాలి తక్కువుంటే అది చాలా ఎక్కువవుతుంది, తర్వాత గుంతలు గుంతలుగా తయారై హ్యాండిల్లో గరగరమని వణుకు మొదలవుతుంది. గాలి సంగతి మళ్లీ చెప్తాను, అదొక్కటే ఓ పెద్ద కథ.

ఇంతకీ పాత టైర్లు చెప్పిందేమిటంటే, నేను ఎక్కువగా స్ట్రెయిట్ రోడ్ల మీద దూరాలు తిరుగుతాను, మధ్యమధ్యలో ఘాట్ రోడ్లు, ఏడాదిలో చాలా రోజులు వాన, ట్రాక్ మీదికి వెళ్లేదే లేదు. స్పోర్ట్ టైరుకి గ్రిప్పు రావాలంటే వేడెక్కాలి, గట్టిగా నడిపితేనే ఆ వేడి నిలుస్తుంది. పొద్దున్నే చల్లటి రోడ్డు మీద మామూలు స్పీడులో వెళ్తుంటే అది పూర్తిగా నిద్ర లేవదు. దూర ప్రయాణాలకీ మలుపులకీ కలిపి చేసే స్పోర్ట్ టూరింగ్ టైరు రబ్బరులో సిలికా అనే పొడి బాగా కలుపుతారు, అందువల్ల చల్లగా ఉన్నా తడిగా ఉన్నా రబ్బరు మెత్తదనం పోకుండా రోడ్డుని పట్టుకుంటుంది. పైగా ఈ కోవలో ఎక్కువ టైర్లకి వెనక చక్రంలో మధ్యన గట్టి రబ్బరు, రెండు అంచుల్లో మెత్తటి రబ్బరు ఉంటాయి. మధ్య భాగం కిలోమీటర్లు మోస్తుంది, అంచులు మలుపులు చూసుకుంటాయి. నాకు కావలసింది సరిగ్గా ఇదే.

సైజు విషయంలో ప్రయోగాలు వద్దు. నా బండికి ముందు 120/70 జడ్‌ఆర్ 17, వెనక 180/55 జడ్‌ఆర్ 17. 180 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 55 అంటే ఆ వెడల్పులో 55 శాతం ఎత్తు, అంటే పక్క గోడ 99 మిల్లీమీటర్లు, జడ్ అంటే ఎక్కువ వేగాలకి చేసిందని, ఆర్ అంటే రేడియల్ (లోపలి దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకి అడ్డంగా ఉండే రకం), 17 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. ఆ తర్వాత ఉండే 73డబ్ల్యూలో 73 అంటే ఆ టైరు 365 కిలోలు మోయగలదని, డబ్ల్యూ అంటే గంటకి 270 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుందని. వెనక నుంచి చూస్తే గంభీరంగా ఉంటుందని 190 వేయించుకున్న మిత్రులున్నారు. రిమ్ము అదే ఉండి టైరు మాత్రం వెడల్పైతే దాని గుండ్రటి ఆకారమే మారిపోతుంది, బండి వంగే తీరు మారిపోతుంది. కంపెనీ ఏ సైజు చెప్పిందో అదే వేయండి.

ఇంకోటి, టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అని ఉన్న చోట చివర్లో నాలుగు అంకెలు చూడండి. 3223 అంటే 2023లో 32వ వారం తయారీ. నాకు మొదట చూపించిన సెట్‌లో ముందుదీ వెనకదీ మధ్య రెండేళ్ల తేడా ఉంది, మొహమాటపడకుండా వెనక్కిచ్చేశాను. టైరు నీడలో సరిగ్గా దాస్తే ఏడాదికో రెండేళ్లకో చెడిపోదు, దానికోసం కంగారు అక్కర్లేదు. కానీ రెండూ దగ్గర దగ్గర తేదీలవి అడిగి తీసుకోవడం మన హక్కు.

ఇక పోటీ. ఈ కోవలో నిజానికి చెడ్డ టైరు దొరకడం కష్టం, కాబట్టి తేడాలు చిన్నవి, స్వభావాలు వేరు. కాంటినెంటల్ రోడ్‌అటాక్ 4లో నాకు నచ్చిన సంగతి దాని పైపొర. అచ్చు లోపలి వైపునే గరుకుగా చేసి, అచ్చు నుంచి టైరు ఊడిరావడానికి పూసే జారుడు పదార్థం లేకుండా తయారు చేస్తారు, అందుకే కొత్తలోనే పట్టు తొందరగా వస్తుంది. బ్రిడ్జ్‌స్టోన్ టీ32లో గాడులు ఒక చోట వెడల్పుగా, ఒక చోట ఇరుకుగా అలల్లా ఉంటాయి, నీళ్లు వేగంగా బయటికి పోవాలని ఆ ఏర్పాటు. మెట్జెలర్ రోడ్‌టెక్ 01 గురించి వానలో నడిపేవాళ్లు ఎప్పుడూ మంచిమాటే చెబుతారు. మెట్జెలర్ 1986 నుంచి పిరెల్లి చేతిలోనే ఉంది, ఆ పిరెల్లిదే ఏంజెల్ జీటీ 2, మలుపుల్లో కొంచెం చురుగ్గా ఉండాలనుకునే వాళ్లకి అది. దానికి రెండు తరాల ముందు ఏంజెల్ ఎస్‌టీ వచ్చినప్పుడు ట్రెడ్ మీద దేవదూత బొమ్మ ఉండేది, అరుగుతున్న కొద్దీ అది దయ్యం బొమ్మగా మారేది. అరుగుదలని అంత ముచ్చటగా చూపించిన టైరు నేను ఇంకోటి చూడలేదు.

ఇన్నిటిలో నేను తీసుకున్నది 2022లో వచ్చిన మిషెలిన్ రోడ్ 6. కారణం ఒక్కటే, దాని కోతలు. టైరు మీద గాడులతో పాటు సన్నటి చీలికలు ఉంటాయి కదా, అవి పైన సన్నగా మొదలై లోపలికి వెళ్లేకొద్దీ వెడల్పవుతాయి. మామూలుగా టైరు అరిగేకొద్దీ గాడులు లోతు తగ్గి నీళ్లు పట్టే చోటు తగ్గిపోతుంది. ఇందులో పైపొర అరిగేసరికి లోపలున్న వెడల్పు భాగం పైకొస్తుంది, అంటే సగం అరిగిన టైరు కూడా నీళ్లకి దారిస్తుంది. నా లెక్కలో టైరు రివ్యూలన్నిటిలో వదిలేసే సంగతి ఇదే. కొత్త టైరు ఏదైనా బాగానే ఉంటుంది, కొత్తలో ఎవరైనా మెచ్చుకుంటారు. 5,000 కిలోమీటర్లు తిరిగాక, వానలో, చీకట్లో ఎలా ఉందన్నదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నకి నాకు జవాబు దొరికిన రాత్రి గురించి చెప్పాలి. అప్పటికి ఈ టైర్ల మీద 7,000 దాటాయి. రెండు గంటలు ఆగకుండా కురిసిన వాన, రోడ్డు మీద పల్చటి నీటిపొర, ఎదురుగా లారీల లైట్లు ఆ నీళ్లలో పడి ఏది రోడ్డో ఏది గీతో తెలియడం లేదు. పొడుగ్గా ఎడమ మలుపు, మధ్యలో ఉందని నాకు తెలియని తెల్ల పెయింటు పట్టీ. పాత టైర్లతో ఇలాంటి పట్టీ తగిలితే వెనక చక్రం ఒక్క చెయ్యెడు పక్కకి జరిగి మళ్లీ పట్టుకునేది, ఆ క్షణంలో కడుపులో ఏదో జారినట్టయ్యేది. ఈసారి ముందు చక్రం పట్టీ మీద సన్నగా ఓ చిన్న కదలిక ఇచ్చింది, వెనక చక్రం దాటింది, అంతే. వంపు మారలేదు. నేను థ్రాటిల్ అలాగే పట్టుకుని ఉన్నాను. ఇంటికొచ్చి హెల్మెట్ తీశాక గమనించాను, భుజాలు బిగుసుకుపోయి లేవు. వానలో దూరం నడిపినవాళ్లకి ఆ మాట విలువ అర్థమవుతుంది.

పొడి రోడ్డు మీద కూడా నాకు కంప్లయింట్ లేదు. మొదటి రోజే బండి పదికిలోలు తగ్గినట్టనిపించింది, కాకపోతే అందులో సగం గొప్పతనం గుండ్రటి కొత్త టైరుది, ఏ కంపెనీది వేసినా అలాగే ఉండేది. ఆ మొదటి ఉత్సాహంలో ఎవరూ తొందరపడకండి. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది, మొదటి 150 కిలోమీటర్లు మెల్లగా, వంపు కొద్దికొద్దిగా పెంచుకుంటూ నడపాలి. షాపు గేటు దాటగానే మొదటి మలుపులో పడిపోయినవాళ్లని చూశాను, బాధగా ఉంటుంది.

బిగింపు గురించి ఒక అనుభవం. నేను వెళ్లిన చోట (పేరు అనవసరం) ముందు టైరు తిరగేసి బిగించారు. సైడ్‌వాల్ (పక్క గోడ) మీద తిరిగే దిశ చూపించే బాణం ఉంటుంది, అది వెనక్కి చూస్తోంది. ఇంటికొచ్చి టార్చ్ వేసి చూస్తే కనబడింది. మర్నాడు వెళ్లి చెబితే "ఏం కాదు సార్, టైరు టైరే" అన్నాడు అబ్బాయి. చాలా అవుతుంది. గాడులు నీళ్లని ఎటు తోయాలో, బ్రేకు బలాన్ని లోపలి పొరలు ఎటు తీసుకోవాలో ఆ దిశని బట్టే తయారుచేస్తారు. దగ్గరుండి మళ్లీ తీయించి పెట్టించాను. అప్పుడే చూస్తే బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమానం చేయడం) కూడా చేయలేదు. కాబట్టి మీరు పక్కనే నిలబడండి, ఎవరేమనుకున్నా సరే. బాణం చూడండి, రిమ్ము అంచున టైరు చుట్టూ ఉండే సన్న గీత అన్నివైపులా సమానంగా బయటికొచ్చిందో లేదో చూడండి, కొత్త వాల్వు వేయించండి, చెయిన్ ఎంత వదులుండాలో మళ్లీ చూసుకోండి, ఇరుసు నట్టు టార్క్ రెంచితోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచి) బిగించమనండి.

ఇప్పుడు గాలి. ముందు 36, వెనక 42 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అన్నది చాలా పెద్ద బండ్లకి కంపెనీలు చెప్పే లెక్క, నా బండికీ అదే. మీది స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చెయ్యి) స్టిక్కర్ మీదో మాన్యువల్లోనో ఉంటుంది. అది చల్లటి టైరుకి చెప్పిన లెక్క. బంకు దాకా నడిపి అక్కడ వేడి మీద చూస్తే అంకె ఎక్కువ కనిపిస్తుంది, గాలి ఎక్కువైందని తీసేస్తాం, చల్లారాక చూస్తే తక్కువుంటుంది. వేడి సుమారు 5-6 డిగ్రీలు పెరిగితే ప్రెషర్ ఒక పీఎస్ఐ పెరుగుతుంది. నా పాత ముందు టైరు రంపం పళ్లకి సగం కారణం ఇదేనని ఇప్పుడు నా నమ్మకం. సొంత గేజు కొనుక్కుని వారానికోసారి పొద్దున్నే, బండి తియ్యకముందు చూస్తున్నాను. ఈ సెట్ ముందు టైరు మీద చెయ్యి రెండువైపులా రాసినా ఇప్పటికీ దాదాపు ఒకేలా ఉంది.

ఎవరికి వద్దు అంటే, ట్రాక్‌కి వెళ్లేవాళ్లకి వద్దు. ఈ కోవ టైర్లు ఏవైనా సరే, ల్యాపు మీద ల్యాపు గట్టిగా కొడితే అవి అనుకున్న వేడి దాటిపోతాయి. ఇద్దరు మనుషులు, మూడు పెట్టెల సామాను, పెద్ద టూరింగ్ బండి అయితే మామూలు రోడ్ 6 కాకుండా జీటీ అని ఉన్నది తీసుకోండి, బరువు బండ్ల కోసం దాని లోపలి నిర్మాణం గట్టిగా చేస్తారు. బ్రిడ్జ్‌స్టోన్, కాంటినెంటల్ వాళ్ల దగ్గర కూడా ఇలా జీటీ రకం ఉంది, పేరు ఒకటే కదా అని షాపువాళ్లు ఏదో ఒకటి ఇచ్చేస్తారు, సైడ్‌వాల్ చదివి తీసుకోండి. ఇంకా ఒక కంపెనీ ముందూ ఇంకో కంపెనీ వెనకా వేసి నడిపించేవాళ్లున్నారు. నేనైతే రెండూ ఒకే జత మారుస్తాను. పాత ముందు టైరు ఆకారం మారిపోయి ఉంటుంది, కొత్త వెనక టైరు గుండ్రంగా ఉంటుంది, రెండూ వేరువేరు తీరుల్లో వంగుతుంటే ఆ బండి మీద నాకు నమ్మకం కుదరదు.

నిన్న 9,200 దగ్గర మళ్లీ స్టాండు ఎక్కించి చూశాను. వెనక మధ్యలో కొంచెం చదును మొదలైంది, ఈసారి రెండు వేళ్ల వెడల్పే. అరుగుదల గుర్తు ఇంకా గాడి అడుగునే ఉంది, దానికీ ట్రెడ్‌కీ మధ్య గోరు సుఖంగా దిగుతోంది. చీలికలు పెట్టిన రోజుకన్నా వెడల్పుగా కనిపిస్తున్నాయి. ముందు టైరుకి గుచ్చుకున్న గాజు ముక్క ఒకటి తీసేశాను, లోపలిదాకా దిగలేదు, సబ్బు నీళ్లు పోసి చూశాను, బుడగ రాలేదు.