బోరు నీళ్లు ఇచ్చిన ఎరుపు: ఇంట్లో రంగు వేసి అల్లుకున్న స్వెటర్

ఈ స్వెటర్‌లో నాకు ప్రాణమైనది ఒంటి భాగం ఎరుపు. 2023 వానాకాలంలో మా బోరు నీళ్లతో, మంజిష్ఠ అనే తీగ వేరు పొడితో వేసిన రంగు అది. ఇప్పటికీ ఎండలో చూస్తే ఎండిన బ్యాడిగి మిరపకాయలా ఉంటుంది. కొన్న స్వెటర్లలో ఎంత వెతికినా ఈ ఎరుపు దొరకలేదు. అల్లిక గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. గుండ్రటి మెడ, సాదా అల్లిక, అంతే. అందుకే ఇక్కడ రాసేదంతా రంగు గురించే.

ఊలు కొత్తగా ఏమీ కొనలేదు. పిల్లల స్వెటర్లు అల్లగా మిగిలినవి, అమ్మ మదనపల్లె నుంచి పంపిన తెల్ల ఉండలు, ఎప్పుడు కొన్నానో గుర్తులేనివి, అన్నీ పెట్టెలో ఏళ్లుగా పడి ఉన్నాయి. లేబుల్ ఊడిపోయిన ప్రతి ఉండ నుంచీ చిన్న పోగు తెంపి కాల్చి చూశాను. ఊలైతే జుట్టు కాలిన వాసన వస్తుంది, మిగిలినదాన్ని నలిపితే పొడి అయిపోతుంది. యాక్రిలిక్ అయితే కరిగి గట్టి గడ్డ కడుతుంది. మంజిష్ఠ ఊలుకి పట్టినట్టు యాక్రిలిక్‌కి పట్టదు కాబట్టి, పాత ఊలు వాడేవాళ్లు ఈ పని తప్పకుండా చేయాలి. లేబుల్ మీద ప్యూర్ ఊల్ అని స్పష్టంగా రాసి ఉన్న ఒక ఉండ మాత్రం మోసం చేసింది. అందులో యాక్రిలిక్ బాగానే కలిపారు. కింది బార్డర్‌లో ఆ ఉండతో అల్లిన వరసలు లేత గులాబీగా తేలాయి. అది అమ్మిన కొట్టు మీద నాకు ఇప్పటికీ కోపమే.

మొదట చేతులు లేకుండానే అల్లి, ఆ చలికాలమంతా అలాగే వేసుకున్నాను. చేతులకని తెల్ల ఊలు విడిగా ఉంచాను. వేసవిలో రంగు వేద్దామనుకునేసరికి 2024 మార్చి బెంగళూరు నీళ్ల కరువు వచ్చిపడింది. మా బోరు అడుగంటింది, వీధి వీధంతా ట్యాంకర్ కోసం ఎదురుచూపులు. తాగడానికే నీళ్లు లేనప్పుడు ఊలు జాడించడానికి బకెట్లకు బకెట్లు పారబోయడం మనసొప్పే పని కాదు. ఆ పని పక్కన పెట్టేశాను.

మాది ఊళ్లో మహదేవపుర వైపు. ఆ ఏడాది అక్టోబరులో కావేరి నీటి పథకం అయిదో దశ ప్రారంభించారు, బెంగళూరులో కలిసిన 110 ఊళ్లకి నీళ్లివ్వడానికి కట్టినది. కొన్నాళ్లకి మా లేఅవుట్‌కీ కనెక్షన్ వచ్చింది. ఇంట్లో అందరం సంబరపడ్డాం. బోరు నీళ్లతో గీజర్ కాయిల్ పాడవడం, కుళాయిల మీద తెల్ల పొర, అన్నీ భరించినవాళ్లమే కదా. ఆ కావేరి నీళ్లతోనే చేతుల ఊలుకి రంగు వేశాను. అదే పొట్లంలోని మంజిష్ఠ పొడి, అదే పటిక, అదే స్టీలు గిన్నె. వేడి కూడా అంతే, 70 డిగ్రీలు దాటనివ్వలేదు. దాటితే వేరులో ఉన్న గోధుమ రంగు కూడా దిగి ఎరుపు మాడినట్టవుతుంది. అన్నీ అవే అయినా చిలపలు (ఊలు చుట్టలు) బయటికి తీస్తే నారింజ రంగు!

రాత్రంతా రంగులోనే నాననిచ్చినా తేడా పోలేదు. అలాగే అల్లి జోడిస్తే మా అత్తగారు చూసి, "ఇదేంటమ్మా, చేతులు వేరే స్వెటర్‌వి తగిలించావా?" అన్నారు.

మారింది నీళ్లేనని నాకు అనుమానం. వెనక వీధిలో బోరు ఇంకా నడుస్తున్న ఇంటి నుంచి ఒక బిందెడు తెచ్చాను. పటిక పట్టించిన రెండు చిన్న చిలపలు తీసుకుని, ఒకటి ఆ నీళ్లలో, ఒకటి కావేరి నీళ్లలో, పక్కపక్క పొయ్యిల మీద పెట్టాను. అరగంటకే తేడా తెలిసిపోయింది. బోరు గిన్నెలో ఊలు చిక్కటి ఎరుపు, రెండోదాంట్లో పలచటి నారింజ. కుళాయిల మీద తెల్ల పొర కట్టించే కాల్షియం నీళ్లలో ఉంటే మంజిష్ఠ ఎరుపు చిక్కబడుతుందట. మన కృష్ణా డెల్టాలో, సముద్రపు గవ్వలూ చిప్పలూ కలిసిన ఇసుక నేలల్లో పండిన, కలంకారీ ఎరుపుకి వాడే చిరువేరుకి ఒకప్పుడు అంత పేరు రావడానికి కారణం కూడా ఇదే అంటారు. చిరువేరు వేరే మొక్కే అయినా సూత్రం ఒకటే. కలంకారీ ఎరుపు వెనక ఉన్న కిటుకు నా గీజర్‌ని పాడుచేసిన నీళ్లలో కూడా ఉందని తెలిసిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

తర్వాత చేతులు విప్పి, కావేరి నీళ్లలోనే కొద్దిగా కాల్షియం కార్బొనేట్ పొడి కలిపి ఇంకోసారి రంగులో ఉంచాను. చాలావరకు దగ్గరికొచ్చింది. ట్యూబ్‌లైట్ కింద తేడా కనపడదు, ఎండలో నిలబడితే కనపడుతుంది.

రంగు గట్టిదే, కానీ అసలు దిగదని మాత్రం చెప్పలేను. మొదట్లో ప్రతి ఉతుకులోనూ నీళ్లు గులాబీ రంగుకి తిరిగేవి, తెల్ల చుడీదార్ మెడకి కాస్త అంటింది కూడా. ఇప్పుడు దిగడం ఆగిపోయింది. సబ్బు పొడి దీని దగ్గరికి రానివ్వను. అందులోని క్షారం ఊలుకీ మంచిది కాదు, రంగునీ మార్చేస్తుంది. కుంకుడుకాయ రసంలో ముంచి, పిండకుండా తువ్వాలులో చుట్టి అదిమి, నీడలో పరిచి ఆరబెడతాను. మోచేతుల దగ్గర నూగు ఉండలు కట్టింది, అది రకరకాల పాత ఊలు కలిపినందుకే. మెడ దగ్గర కొంచెం గుచ్చుకుంటుంది, లోపల కాలర్ ఉన్నది వేసుకోవాల్సిందే.

మీరూ చేసుకోవచ్చా అంటే, నాకైతే ఊలు ఖర్చు లేదు, డాబా ఉంది, మధ్యాహ్నాలు ఖాళీ. పైగా బెంగళూరు చలి డిసెంబరు, జనవరి పొద్దుటి పూటలే కాబట్టి ఈ మందం నాకు సరిపోతుంది. ఆఫీసుకి పరుగులు పెట్టేవాళ్లకి ఇంత తీరిక ఉండదు, వాళ్లకి రంగు ఊలు కొనుక్కోవడమే మేలు. చేసేవాళ్లు మాత్రం స్వెటర్ మొత్తానికీ సరిపడా ఊలుకి ఒకేసారి, ఒకే నీళ్లతో రంగు వేయండి. ట్యాంకర్ నీళ్లయితే ఏ రోజు ఎక్కడి నీళ్లు వస్తాయో తెలియదు, ముందు ఒక చిన్న చిలప వేసి చూసుకోండి.