ఫ్లై-ఇన్‌లో పాత రోటర్ బ్లేడ్లు కొంటున్నారా? ఆగి ఇది చదవండి

జైరోకాప్టర్లు, అంటే నెత్తిన తిరిగే రోటర్‌తో ఎగిరే చిన్న మెషిన్లు ఉన్నవాళ్ళం కలుసుకునే ఫ్లై-ఇన్ మీట్లలో, హ్యాంగర్ పక్కన టార్పాలిన్ పరిచి పాత బ్లేడ్లు, రెండు బ్లేడ్లనీ కలిపే హబ్ బార్లు, టూ-స్ట్రోక్ ఇంజన్లు అమ్మే ఆయన మనలో చాలామందికి తెలుసు. ప్రతి మీట్‌కీ వస్తాడు, అందరినీ తమ్ముడూ అనే పిలుస్తాడు. పేరు రాయడం లేదు, రాయకపోయినా మీకు అర్థమవుతుంది. దయచేసి ఆయన దగ్గర రోటర్ సామాను ఏదీ కొనకండి.

నా సింగిల్ సీటర్ జైరోకాప్టర్‌కి (జైరో అంటాం) అల్యూమినియం బ్లేడ్ల జత కావాల్సి వచ్చింది. ఆయన దగ్గర హబ్ బార్‌తో సహా ఉంది. నేను అడిగిన మొదటి మాటే, "అన్నా, ఇవి ఎప్పుడైనా నేలకి గానీ తోకకి గానీ తగిలాయా?" అని. నా మొహంలోకి సూటిగా చూసి, "నా చేతుల్లో ఎగిరినవి తమ్ముడూ, గీత కూడా పడలేదు" అన్నాడు. లాగ్ బుక్ ఇంట్లో ఉంది, పంపిస్తానన్నాడు. డబ్బు మాత్రం అక్కడికక్కడే పూర్తిగా తీసుకున్నాడు. లాగ్ బుక్ ఇవాళ్టికీ రాలేదు.

బిగించే ముందు శుభ్రం చేస్తుంటే, ఒక బ్లేడు చివర కొత్త పెయింట్ కింద ఫిల్లర్ బయటపడింది. హబ్ వైపు చివర బోల్టు రంధ్రం కోలగా సాగి ఉంది. హబ్ బార్‌ని చదునైన బల్ల మీద పెడితే ఊగుతోంది. రెండు బ్లేడ్లూ కలిపి ఈ చివర నుంచి ఆ చివరికి దారం లాగి చూస్తే, అది హబ్ మధ్య నుంచి పోవడం లేదు. క్లబ్బులో ఎన్నో మెషిన్లు కట్టిన పెద్దాయన్ని పిలిచి చూపించాను. చూసిన వెంటనే, ఇది బ్లేడ్ స్ట్రైక్ అయిన, అంటే తిరుగుతూ దేనికో తగిలిన రోటర్, బిగించే ప్రశ్నే లేదు అన్నారు.

కొత్తగా వచ్చినవాళ్ళ కోసం ఒక మాట. గాల్లో జైరో రోటర్‌ని ఇంజన్ తిప్పదు, కింద నుంచి వచ్చే గాలే తిప్పుతుంది. అందుకే ఇంజన్ ఆగిపోయినా దిగగలం. బ్లేడు విరిగితే మాత్రం చేయగలిగింది ఏమీ ఉండదు. నిమిషానికి 300 పైచిలుకు చుట్లు తిరుగుతుంటే ఒక్కో బ్లేడు హబ్‌ని టన్నుల బలంతో బయటికి లాగుతుంది. ఒకసారి దెబ్బ తిన్న అల్యూమినియంలో కంటికి ఆనని చీలిక ఉంటే, అది తిరిగిన కొద్దీ పెరుగుతుంది. పైన పెయింట్ ఎంత మెరిసినా లోపల చీలిక ఆగదు.

తర్వాతి మీట్‌లో బ్లేడ్లు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. కాదనలేదు! "ఎప్పుడో చిన్నగా తగిలింది, దానికింత గొడవా?" అన్నాడు. డబ్బు తిరిగివ్వమంటే చుట్టూ జనం ఉండగానే గొంతు పెంచాడు. "చూసుకునే కొన్నావుగా. వద్దంటే సగం ఇస్తా, అక్కడ పడేసి పో. తీసుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు." తమ్ముడూ అన్న నోటితోనే.

నన్ను మోసం చేసినందుకు కోపం ఉంది. దానికంటే ఆ చివరి మాటకి నా ఒళ్ళు మండిపోయింది. ఆ బ్లేడ్లు తగిలాయని తెలిసి కూడా ఇంకొకరి తల మీద తిప్పించడానికి సిద్ధంగా ఉన్నాడు. నిర్వాహకుల్ని అడిగితే, స్థలం ఇవ్వడం వరకే మా పని అన్నారు. బెన్సన్ జైరోకాప్టర్ ప్లాన్లు తెప్పించుకుని ఇళ్ళలో కట్టుకున్న కాలం నుంచీ మనవాళ్ళు ఒకరి మెషిన్ ఒకరు తడిమి చూసి లోపాలు చెప్పుకుంటున్నారు. 1962లో అమెరికాలో పాపులర్ రోటర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ పుట్టినా, తర్వాత ఊరూరా క్లబ్బులు వచ్చినా అదే పద్ధతి. ప్రాణం తీసే సామాను మన మధ్యే అమ్ముడవుతుంటే స్థలం ఇచ్చాం అని చేతులు దులుపుకోవడం నాకు మింగుడు పడటం లేదు.

కొనేవాళ్ళు లాగ్ బుక్ చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి. దారం వేసి చూడండి, బోల్టు రంధ్రాలు చూడండి. ఆ రోటర్ ఏ మెషిన్ మీద తిరిగిందో అడిగి, వీలైతే దాని తోకలోని రడ్డర్ పైఅంచు చూడండి, బ్లేడు తోకకి తగిలితే దెబ్బ పడేది అక్కడే. అక్కడ అతుకు ఉంటే వదిలేయండి.

సగం డబ్బు నాకు అక్కర్లేదు, బ్లేడ్లు వెనక్కి ఇవ్వలేదు. ఎవరూ మళ్ళీ బిగించలేకుండా రెండింటినీ ముక్కలుగా కోసేశాను. కోయకముందు తీసిన ఫోటోలు ఉన్నాయి, కావాల్సినవాళ్ళు అడగండి.