పెద్దకర్మ కార్డును నిలబెట్టిన ‘గో బ్యాక్’ బటన్

విండోస్ 11 రంగుల గురించి, గుండ్రటి అంచుల గురించి, మధ్యలోకి జరిగిన స్టార్ట్ మెనూ గురించి చాలామంది రాశారు. నేను వాటి జోలికి పోను. అందులో నాకు అన్నిటికంటే నచ్చింది, అందులోంచి బయటికొచ్చే దారి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, దాని కింద రికవరీ, అక్కడ ‘గో బ్యాక్’ అని ఒక బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి ఏడాదిన్నర దాటింది. అలా తిరిగి తెచ్చుకున్న విండోస్ 10 మీదే మా దుకాణం ఈ రోజుకీ నడుస్తోంది.

మాది కరీంనగర్‌లో డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లుబుక్కులు చేస్తాం. ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, మాలో చాలామంది ఇప్పటికీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 7 వదల్లేదు. 2001లో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ అభివృద్ధిని అడోబీ 2004లోనే ఆపేసింది. అయినా మా ఫైళ్లన్నీ అందులోనే ఉన్నాయి. పేజ్‌మేకర్‌కు యూనికోడ్, అంటే ఇప్పుడు ఫోన్లలో, వెబ్‌లో తెలుగు రాసే పద్ధతి, తెలియదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తలకట్లు, గుడులు, ఒత్తులు ముక్కలు ముక్కలుగా పేర్చిన పాతకాలం ఫాంట్లతోనే పని. ఆ ఫాంట్లతో కొట్టాలంటే వాటి కీబోర్డు సాఫ్ట్‌వేర్ నడవాలి. అది నడవాలంటే వెనక యూఎస్‌బీ డాంగిల్, అంటే ఆ సాఫ్ట్‌వేర్‌కు తాళంచెవి లాంటి చిన్న పరికరం, పెట్టి ఉండాలి. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా మాకు తెలుగు లేదు.

2024 ఆషాఢంలో అప్‌గ్రేడ్ చేశాం. పెళ్లిళ్లు ఉండవు, చేతిలో తీరిక ఉంటుంది, ఏదైనా తేడా వస్తే సరిచేసుకోవచ్చని. మొదట్లో అంతా బాగుంది. పాత ఫైళ్లు తెరుచుకున్నాయి, ప్రింటర్ కదిలింది, మెషీన్ చురుగ్గానే ఉంది. ఆ రోజుల్లో వచ్చినవన్నీ బిల్లుబుక్కుల రీప్రింట్లు. సీరియల్ నంబర్లు మార్చి ప్రెస్సుకు పంపితే సరిపోయింది, తెలుగులో కొత్తగా ఒక్క మాట కొట్టే అవసరం రాలేదు.

ఒక సాయంత్రం దుకాణం కట్టేసే వేళకు ఇద్దరు అన్నదమ్ములు వచ్చారు. వాళ్ల నాయన పోయాడు. పెద్దకర్మ కార్డులు కావాలి. “అన్నా, పొద్దున్నుంచి పంచుడు మొదలువెట్టాలె, ఎట్లన్న చేసియ్యి” అన్నాడు పెద్దాయన. నాయన ఫొటో, కాగితం మీద రాసుకొచ్చిన చుట్టాల పేర్లు నా చేతిలో పెట్టారు. పాత కార్డు ఒకటి తెరిచి మొదటి పేరు కొట్టాను. తెరమీద ఇంగ్లిష్ అక్షరాలు పడ్డాయి. కీబోర్డు సాఫ్ట్‌వేర్ తెరిస్తే డాంగిల్ కనపడట్లేదంటుంది. డాంగిల్ లైటు మాత్రం వెలుగుతోంది. పోర్టు మార్చాను, డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను, రీస్టార్ట్ చేశాను. సాఫ్ట్‌వేర్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే ఆ వేళప్పుడు ఎత్తేవాళ్లు లేరు. వర్డ్‌లో యూనికోడ్‌తో కొట్టొచ్చు. కానీ వాళ్ల నాయనమ్మ కార్డు మా దగ్గరే చేయించారు, అదే అచ్చు కావాలన్నారు. కావాలనడంలో తప్పేముంది?

అప్పుడు ‘గో బ్యాక్’ నొక్కాను. ఎందుకు వెళ్తున్నావని అడిగింది. పోయేముందు అప్‌డేట్ ఏమన్నా చూసుకుంటావా అంది. అప్‌గ్రేడ్ తర్వాత వేసుకున్న ప్రోగ్రాములు పోతాయని, పాత పాస్‌వర్డ్ గుర్తుందో లేదో చూసుకోమని హెచ్చరించింది. అన్నిటికీ సరే అన్నాక రీస్టార్ట్ అయ్యి, పాత విండోస్‌ను తిరిగి తెస్తున్నానని తెరమీద రాసింది. వాళ్లిద్దరూ ఎదురుగా బెంచీ మీద మాట్లాడకుండా కూర్చుని ఉన్నారు. మధ్యలో కరెంటు పోతే ఏమవుతుందోనని నా చూపంతా యూపీఎస్ మీదే. అరగంట పట్టి ఉంటుంది.

విండోస్ 10 లేచింది. డెస్క్‌టాప్ మీద ఐకాన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. డాంగిల్ దొరికింది, సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది, వాళ్ల నాయన పేరు తెలుగులో పడింది. ఆ మధ్యాహ్నం విండోస్ 11లో సేవ్ చేసిన ఫైళ్లు కూడా చెక్కుచెదరలేదు. ప్రూఫ్ చదివించి రాత్రికి రాత్రే ప్రెస్సుకు పంపాం. కంప్యూటర్లతో ఇన్నేళ్లు గడిపాను గానీ, ఒక సౌకర్యానికి ఇంతగా దండం పెట్టాలనిపించింది అప్పుడే.

ఇంత తొందరగా ఎలా అయిందంటే, అప్‌గ్రేడ్ చేసినప్పుడు విండోస్ పాతదాన్ని చెరిపేయదు. సీ డ్రైవ్‌లోనే విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి జరిపి ఉంచుతుంది, పాత బీరువాను సర్దిన బట్టలతో సహా పక్క గదిలో పెట్టినట్టు. నా మెషీన్‌లో అది ఇరవై జీబీ పైనే ఉంది. జాగా కోసం డిస్క్ క్లీనప్‌లో ‘ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్’ టిక్ పెట్టి తుడిచేశారా, వెనక్కి దారి మూసుకున్నట్టే.

అంతా తిరిగొచ్చిందన్నానా, పూర్తిగా అంతా కాదు. మధ్యలో ఎక్కించుకున్న ఫాంట్లు పోయాయి. ఒక ఖాతాదారు కంపెనీ లోగో కోసం ఇచ్చిన ఫాంట్ అందులో ఉంది. దాని జిప్ డీ డ్రైవ్‌లో ఉండబట్టి మళ్లీ వేసుకున్నాను. పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్ ఒకటి కూడా మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది.

అసలు కొరత గడువు. పది రోజులు దాటితే ఆ ఫోల్డర్‌ను విండోసే తుడిచేస్తుంది. 2015లో విండోస్ 10 వచ్చిన కొత్తలో ఈ గడువు 30 రోజులు ఉండేది, 2016 యానివర్సరీ అప్‌డేట్‌తో పదికి కుదించారు. మాలాంటి వాళ్లం పని లేని రోజులు చూసుకుని అప్‌గ్రేడ్ చేస్తాం, పని లేదు కాబట్టి ఆ పది రోజుల్లో లోపం బయటపడదు. ఆ కార్డు పని రాకపోతే నాకు శ్రావణంలో, శుభలేఖల రద్దీలో గానీ తెలిసేది కాదు. అప్పటికి బటన్ ఉండేది కాదు. అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి డిస్మ్ (DISM) అనే విండోస్ కమాండ్‌తో ఈ గడువును 60 రోజుల దాకా పెంచుకోవచ్చు. అదీ పది రోజుల లోపే చేయాలి. ఇంత ముఖ్యమైన సంగతిని సెట్టింగ్స్‌లో కనపడేలా పెట్టకపోవడం నాకు నచ్చలేదు.

విండోస్ 11ను తప్పుపట్టను. అదే కీబోర్డు సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ కొనుక్కున్న మిత్రుడి సెంటర్‌లో అది బాగానే నడుస్తోంది. నాకు ఆ ఖర్చు ఇప్పట్లో కుదరదు. విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు ఉచితంగా వస్తాయి, లేదంటే 30 డాలర్లు కట్టి తీసుకోవచ్చు. నేను ఉచిత దారిలో చేరాను. వాట్సాప్, మెయిల్, బ్యాంకు పనులు విండోస్ 11 ఉన్న ఇంకో మెషీన్‌కు మార్చి, దీన్ని కేవలం టైపింగ్‌కు ఉంచాను. డిస్క్ మొత్తానికి ఇమేజ్, అంటే ఉన్నదున్నట్టు నకలు, తీసి బయటి హార్డ్ డిస్క్‌లో పెట్టుకున్నాను.

ఒకటే కంప్యూటర్ ఉండి, బ్యాంకు పనులు కూడా దానిమీదే చేసేవాళ్లకు వెనక్కి వెళ్లమని ఇప్పుడు చెప్పలేను. డాంగిల్ మీద బతికే సెంటర్ అయితే మాత్రం, అప్‌గ్రేడ్ చేసిన రోజే డాంగిల్ పెట్టి తెలుగులో ఒక పేజీ కొట్టి చూడండి, ఆ వెంటనే గడువు పెంచుకోండి.