ఏడాదిన్నర ఎడమా, నాలుగేళ్ల ఎడమా?

నలుగురు పిల్లల ఇంట్లో కాన్పుకీ కాన్పుకీ మధ్య ఏడాదిన్నర ఎడమైతే ఉయ్యాల విప్పే పనే ఉండదు. పెద్దాడి చొక్కా రంగు వెలవకముందే చిన్నాడికి వస్తుంది, ఆటలూ కలుస్తాయి. కానీ చొక్కాల లెక్క ఇక్కడ చాలదు. తల్లికి రక్తహీనత తీరకముందే మళ్లీ నెల తప్పుతుంది. నెలలు నిండని కాన్పుల ముప్పు పెరుగుతుంది. ముందు కాన్పు సిజేరియన్ అయితే పాత కుట్టు దగ్గర గర్భసంచి చిరిగే ప్రమాదమూ ఎక్కువే. కాన్పయ్యాక 24 నెలలు ఆగి మళ్లీ గర్భానికి ప్రయత్నించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే. అంటే పిల్లల మధ్య దాదాపు 33 నెలలు.

నాలుగేళ్ల ఎడంలో పెద్దది తన అన్నం తానే కలుపుకుంటుంది, చంటిదానికి పక్కగుడ్డలు అందిస్తుంది (అందించడం వరకే, ఎత్తుకు తిప్పనివ్వద్దు). ఇద్దరి ఇంటర్ ఫీజులు ఒకే ఏడాది మీద పడవు. నలుగురికీ ఇదే ఎడమైతే మాత్రం పెద్దది డిగ్రీలో చేరేనాటికి ఆఖరిది ఒకటో తరగతి.