నచ్చిన పాటను ఎలా పంచుకోవాలి? గ్రూపులో లింకా, కూర్చిన వరుసా, పక్కన కూర్చుని వినిపించడమా: ఏది మేలు?

ఘంటసాల తర్వాతే ఎవరైనా అనే పెదనాన్న, బాలు పాడితేనే పాట అనే అమ్మ, కార్లో ఇళయరాజా తప్ప ఇంకొకరిని పెట్టనివ్వని బావ, రెహమాన్ దగ్గర మొదలై అనిరుధ్ దగ్గర ఆగిన మేనకోడలు. ఇలాంటి నలుగురు ఒకే ఇంట్లో ఉండటం మనకు కొత్తేమీ కాదు. పెళ్లిళ్లలో, పండగల్లో వీళ్లు కలిసినప్పుడు ‘ఎవరు గొప్ప’ అనే వాదన మొదలవుతుంది, భోజనాలకు పిలిచేదాకా సాగుతుంది. ఆ వాదనతో ఒకరి పాట ఇంకొకరి చెవిలోకి వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి: నాకు ప్రాణమైన పాటను, నా అభిరుచి లేని మనిషికి ఏ దారిలో అందిస్తే వాళ్లు నిజంగా వింటారు? ఇప్పుడు మన చేతిలో ఉన్న దారులు నాలుగు. గ్రూపులో లింకు పెట్టడం, అందరూ కలిసి చేసే ప్లేలిస్టు, ఒక మనిషి కోసం కూర్చిన చిన్న వరుస, పక్కన కూర్చుని వినిపించడం. నా తూకం రెండే విషయాల మీద నడుస్తుంది. అవతలి మనిషి పాటను చివరిదాకా విన్నారా? నచ్చకపోతే ఆ మాట హాయిగా చెప్పగలిగారా?

వీటన్నిటికీ ముందు రేడియో ఉంది. 1952లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ సినిమా పాటను ఆకాశవాణికి దూరం పెడితే, శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలయ్యాకే సినిమా పాట ఆకాశవాణిలో మళ్లీ కుదురుకుంది. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గొంతు, కోరిన పాటల ముందు వచ్చే ఆ పేర్ల జాబితా, ఊరి పేరుతో సహా ఇంట్లో పిల్లల పేర్లన్నీ కార్డు మీద రాసి పంపడం ఒక తరానికి బాగా గుర్తు. అందులో ఒక గొప్ప గుణం ఉండేది. మన పాట కోసం ఎదురుచూస్తూ పది మంది కోరిన పాటలు వినాల్సి వచ్చేది. దాటేసే మీట లేదు. ముక్కూమొహం తెలియని వాళ్ల ఇష్టం మన ఇంట్లోకి వచ్చి కూర్చునేది. ఇప్పటి దారులను తూచేటప్పుడు నేను ఈ గుణాన్నే వెతుకుతాను.

గ్రూపులో లింకు

అన్నిటికన్నా సులువైనది ఇదే, నా లెక్కలో అన్నిటికన్నా బలహీనమైనదీ ఇదే. పొద్దున్నే ఒక పాట లింకు, కింద రెండు గుండె బొమ్మలు, ఒక నమస్కారం. విన్నవాళ్లెందరో పంపినవాళ్లకు తెలియదు. తెరిచినా, మొదటి ఇరవై సెకన్లలో మనసు పట్టకపోతే వేలు కిందికి జరుగుతుంది. మన పాటల్లో మంచివి చాలావరకు ఆ ఇరవై సెకన్లలో దొరకవు. ఇళయరాజా పాటలో రెండో చరణానికి ముందు వచ్చే వయొలిన్ల గుంపు కోసం నేను పాటంతా వింటాను. ఆ సంగతి లింకు చెప్పదు. ఎందుకు పంపామో, ఎక్కడ చెవి పెట్టాలో చెప్పకుండా పంపిన పాట విలాసం లేని ఉత్తరమే.

దీనికి తోడు ఫోన్ స్పీకరు. ఆ చిన్న స్పీకరు కింది స్వరాలను దాదాపు పలికించలేదు. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ వెనక నిలబడి తాళం కొట్టదు, తనూ ఒక బాణీ పాడుతుంది. ఫోన్లో విన్నవాళ్లకు ఆ పాటలో సగం మనిషి కనిపించడు. ‘ఏముంది ఇందులో?’ అని వాళ్లు అడిగితే తప్పు వాళ్లది కాదు.

గ్రూపుకు ఇంకో గుణం కూడా ఉంది. పదిమంది ముందు చెప్పే ఇష్టం త్వరగా జెండాగా మారుతుంది. రెహమాన్ పాట పెడితే దాని కింద రాజా అభిమాని ఇంకో పాట పెడతాడు, జవాబుగా. వినడం ఆగిపోయి లెక్క మొదలవుతుంది: అవార్డులు, ఆస్కార్లు, ఎన్ని సినిమాలు. నచ్చలేదని మామూలుగా చెప్పే వీలు అక్కడ ఎవరికీ ఉండదు.

అయితే ఒక్క చోట గ్రూపును మించింది లేదు. అభిరుచి ముందే కలిసినవాళ్ల మధ్య, దొరకని పాట కోసం వెతికేటప్పుడు. పాత డబ్బింగ్ సినిమా పాట, రేడియోలో విన్న లలిత గీతం, పల్లవి సగమే గుర్తున్న పాట. ‘ఎవరి దగ్గరైనా ఉందా?’ అని అడిగితే, ఎక్కడో ఒక పెద్దాయన తన క్యాసెట్ నుంచి ఎక్కించి పెట్టిన ముక్క వచ్చి పడుతుంది.

అందరి ప్లేలిస్టు

స్పాటిఫై లాంటి వాటిలో ఒకే జాబితాలో అందరూ పాటలు చేర్చవచ్చు. ఇద్దరు వినేవాటిని యాప్ తనంతట తానే కలిపి ఇచ్చే ‘బ్లెండ్’ కూడా 2021 నుంచి ఉంది. దూర ప్రయాణానికి ఇది బాగుంటుంది. విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే కార్లో అయిదుగురి పాటలు కలిసి మోగితే రేడియో కాలపు గుణం కొంత తిరిగి వస్తుంది. షరతు ఒక్కటే: ఒకరి తర్వాత ఒకరు, ఎవరి వంతు పాటను ఇంకొకరు దాటించకూడదు. ఆ షరతు లేకపోతే ముందు సీట్లో కూర్చున్న మనిషి అభిరుచే గెలుస్తుంది. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు. ఎవరినీ దృష్టిలో పెట్టుకుని ఎంచిన పాట కాదు కాబట్టి, అది ఎవరి మనసు మీదా ప్రత్యేకంగా వాలదు.

ఒక మనిషి కోసం కూర్చిన వరుస

క్యాసెట్ల కాలంలో రికార్డింగ్ షాపుకు చీటీ రాసిచ్చేవాళ్లం. అరవై నిమిషాల క్యాసెట్ అయితే సైడుకు ముప్ఫై, తొంభై అయితే నలభై అయిదు. ఆరేడు పాటలు పట్టాక ఇక చోటుండదు. ఆ ఇరుకే దాని బలం. ఏ పాట వదలాలి, ఏది ముందు, ఏ సైడు చివర ఏది రావాలి అని ఆలోచిస్తున్నంతసేపూ పుచ్చుకునే మనిషి మన మనసులో ఉండేవారు. ఇవాళ మూడు వందల పాటల జాబితా పంపడానికి ఒక్క క్షణం చాలు. అందుకే పుచ్చుకున్నవాళ్లు ఒక్కటీ వినరు.

వరుసను ఎనిమిది పాటలకు కుదించండి. ఒక్కో పాటకూ అర నిమిషం వాయిస్ నోట్ జత చేయండి. ‘పెదనాన్నా, రెండో చరణం తర్వాత ఈయన ఒక్క క్షణం ఆగుతాడు, అక్కడ వినండి’ అంటే చాలు. చరిత్ర పాఠం అక్కర్లేదు.

వరుస కూర్చడంలో అసలు పని వంతెన పాట వెతకడం, అంటే వాళ్ల ఇష్టం నుంచి మన ఇష్టానికి దాటించే పాట. దానికి ముందు అవతలి మనిషి పాటలో ఏం వింటారో తెలియాలి. కొందరు గొంతు వింటారు. కొందరికి సాహిత్యమే పాట. ఇంకొందరు బాణీ పట్టుకుంటారు, మాటలు వాళ్లకు గుర్తే ఉండవు. ఇప్పటి పిల్లలు చాలామంది దరువు, శబ్దపు పొరలు ముందు వింటారు. ఇళయరాజా, రెహమాన్ అభిమానుల తగువులో నాకు ఎక్కువగా కనిపించేది ఈ తేడానే. ఇళయరాజా ఒక్కో వాద్యానికీ స్వరాలు తానే రాసి ఇచ్చే మనిషి. ఆయన పాటను గీత గీతగా విడదీసి వినవచ్చు. ఒకప్పుడు ఆయన దగ్గరే కీబోర్డు వాయించిన రెహమాన్ సొంత స్టూడియోలో పొర మీద పొర పేర్చుకుంటూ పాట కట్టే మనిషి. అక్కడ గీతలు వెతికే చెవికి ముందు పొగమంచే దొరుకుతుంది.

ఘంటసాల అభిమానికి బాలును వినిపించాలంటే నేను 1980ల హిట్లతో మొదలుపెట్టను. 1969లో వచ్చిన ‘ఏకవీర’లోని ‘ప్రతి రాత్రి వసంత రాత్రి’ పెడతాను. కె.వి. మహదేవన్ సంగీతంలో ఇద్దరూ కలిసి పాడిన పాట అది. పెద్దాయన గొంతు పక్కన, అప్పటికి మూడేళ్ల కిందటే సినిమాల్లోకి వచ్చిన కుర్రవాడి గొంతు వినయంగా, ఏమాత్రం బెదరకుండా నడుస్తుంది. ఘంటసాల కోసం వినడం మొదలుపెట్టిన చెవి, పాట అయ్యేలోపు రెండో గొంతును కూడా గుర్తుపడుతుంది. అక్కడి నుంచి, ఘంటసాల పోయిన 1974 తర్వాతి బాలు పాటలకు వెళ్లడం తేలిక.

సాహిత్యం పట్టింపున్న మనిషికి రెహమాన్‌ను వినిపించడం ఇంకొంచెం కష్టం. 1992లో ‘రోజా’తో మొదలుపెట్టి ఆయన పాటలు మనకు ఎక్కువగా డబ్బింగ్ దారిలోనే చేరాయి. తమిళ పెదవుల కదలికకు తెలుగు మాట అమర్చాల్సిన ఇబ్బందిలో రాజశ్రీ వంటి కవులు ఎంత బాగా రాసినా, కొన్ని చోట్ల మాట బాణీకి అతకక పక్కకు జరుగుతుంది. వేటూరి, సిరివెన్నెల మాటల మీద పెరిగిన చెవి ఆ జరుగుబాటు దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి అలాంటివాళ్లకు 2010 నాటి ‘ఏ మాయ చేసావే’ మేలు. తెలుగు తెర కోసం అనంత శ్రీరామ్ రాసిన మాటలు కాబట్టి ఆ అడ్డు తొలగి, సంగీతం సంగీతంగా వినపడుతుంది.

పక్కన కూర్చుని వినిపించడం

నా ఓటు దీనికి. పద్ధతి చిన్నది: మీదొకటి, నాదొకటి. ఒకరి పాట మొత్తం అయ్యాక ఇంకొకరిది. పాట నడుస్తుండగా మాట్లాడకూడదు, ‘ఇక్కడ చూడు, ఇక్కడ చూడు’ అని మోచేత్తో పొడవకూడదు. చెప్పేది ముందే ఒక్క వాక్యంలో చెప్పాలి. ఫోన్ స్పీకరు కాకుండా కాస్త మంచి స్పీకరు ఉండాలి.

ఎందుకు మేలంటే, ఇచ్చేవాళ్లు పుచ్చుకుంటారు కూడా. నా పాటకు మీరు ఐదు నిమిషాలు ఇస్తే, మీ పాటకు నేనూ ఐదు నిమిషాలు బాకీ. దాటేసే వీలు మర్యాద వల్ల పోతుంది. పాట జరుగుతుండగా అవతలి ముఖం కనిపిస్తుంది. ఎక్కడ కనుబొమ్మ లేచిందో, ఎక్కడ కాలు కదిలిందో, ఎక్కడ చూపు కిటికీ వైపు వెళ్లిందో చూస్తే వాళ్లు పాటలో ఏం వింటారో మాటల్లో అడగకుండానే తెలుస్తుంది. తర్వాతి పాట దాన్ని బట్టి మారుతుంది. ఈ దిద్దుబాటు మిగతా మూడు దారుల్లో లేనే లేదు.

మా మేనకోడలికి పద్యం అంటే పాతకాలపు నాటకం. ఒక సాయంత్రం తన వంతు పాట అయ్యాక నేను ఘంటసాల పాడిన ‘పుష్పవిలాపం’ పెట్టాను. కరుణశ్రీ పద్యాలని గానీ, మహా గాయకుడని గానీ చెప్పలేదు. ‘పువ్వు మాట్లాడుతోంది, కోయవద్దంటోంది’ అన్నాను, అంతే. రంగస్థలం మీద రాగం సాగదీసే అలవాటును తగ్గించి ప్రతి మాటా విడివిడిగా వినపడేలా పద్యం పాడటం ఘంటసాల తెచ్చిన మార్పు. అది తెలియకుండానే ఆ పిల్లకు అందింది. అయ్యాక ‘సంగీతం నాకు పట్టలేదు అత్తా, కానీ కథ బాధగా ఉంది’ అంది. నాకది చాలు. నచ్చని భాగం నచ్చలేదని నా ముఖం మీదే చెప్పగలిగింది, చివరిదాకా వింది. తన వంతుకు పెట్టిన పాటలో నాకు గోల అనిపించిన చోట, ఆ గోల కిందే ఒక నాదస్వరం ముక్క తిరుగుతూ ఉందని తను చూపించింది. ఆ పాటను తర్వాత నేనొక్కదాన్నే ఉన్నప్పుడు మళ్లీ విన్నాను.

దీనికీ లోపాలున్నాయి, చిన్నవి కావు. పెద్దవాళ్లు పిల్లల మనసు నొప్పించలేక ‘బాగుందమ్మా’ అనేస్తారు. ఆ మాటను నమ్మకూడదు. అదే పాట మళ్లీ పెట్టమన్నారా లేదా అన్నదే నిజం. కొన్ని పాటలు ఒక్క వినికిడికి లొంగవు కూడా. రెహమాన్ పాటల గురించి ఆయన అభిమానులు ఎప్పుడూ చెప్పేది ఇదే: మొదటిసారి ఏమీ అనిపించదు, నాలుగోసారికి వదలదు. అలాంటి పాటను ఒక్కసారి కూర్చుని విని తేల్చమంటే అన్యాయం. ఇక్కడ వరుసదే పైచేయి. ఇంట్లో, ఒంటరిగా, హెడ్‌ఫోన్లో, ఎవరూ ముఖం చూడకుండా వినే స్వేచ్ఛ అది ఇస్తుంది. మొహమాటం ఎక్కువున్న మనుషులకూ అదే సరైనది.

అందుకని రెండూ కలిపి వాడటం నాకు బాగా పనిచేసింది. ముందు పక్కన కూర్చుని రెండేసి పాటలు మార్చుకోవడం, వెళ్లేటప్పుడు వాళ్లకు కాలు కదిలిన చోటు నుంచి మొదలయ్యే మూడు పాటలు మాత్రం పంపడం. వారం దాకా ఏమీ అడగకూడదు.

డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలు ఇక్కడి అమ్మమ్మకు పాట వినిపించాలంటే వీడియో కాల్లో పెట్టి ఫోన్ దగ్గర పట్టుకుంటారు. ఆ పని వద్దు. కాల్ యాప్‌లు మనిషి గొంతును ఉంచి మిగతాదాన్ని చప్పుడుగా భావించి తొక్కేస్తాయి. వయొలిన్లు, తంబురా శ్రుతి ముందు పోతాయి. పాటను ముందే పంపి, కాల్లో ఉండగానే ‘ఇప్పుడు నొక్కు అమ్మమ్మా’ అని రెండు వైపులా ఎవరి ఫోన్లో వాళ్లు మొదలుపెట్టి, మైకు ఆపేసి, పాట అయ్యాక మాట్లాడుకోవడం మంచిది. ఆ తర్వాతి వంతు అమ్మమ్మది. ఆవిడ ఏ పాట అడిగినా పూర్తిగా వినాలి, పద్యం అయినా సరే.