ఇంటి గుర్తుకు శిల్పమా, సినిమానా?

శ్రీకాకుళం తీరంలో చుట్టిళ్లు, అంటే గుండ్రటి మట్టి ఇళ్లు, ఒక్కొక్కటిగా మాయమవుతున్నాయి. వాటి గుర్తు నిలపడానికి శిల్పం మేలా, సినిమా మేలా?

1993లో బ్రిటిష్ శిల్పి రేచెల్ వైట్‌రీడ్ లండన్‌లో ఒక పాత ఇంటి లోపలి ఖాళీని కాంక్రీటుతో పోతపోశారు. 1994 జనవరిలో ఆ శిల్పం కూల్చివేతకు గురైంది. అయినా నా మొగ్గు ఆ పద్ధతికే. మా అమ్మమ్మ చుట్టింటి గోడపై పేడ అలికిన వేళ్ల గుర్తులు, తల వంచితే తప్ప లోపలికి రానివ్వని గుమ్మం... ఇవి అరచేత్తో తడిమి తెలుసుకోవలసినవి. తెరమీద చూస్తే చాలదు.

ఇదే ప్రాంతపు జానపద నృత్యం తప్పెటగుళ్లను మాత్రం సినిమాకే అప్పగిస్తాను. రొమ్ముకు కట్టిన రేకు తప్పెటను రెండు చేతులా వాయిస్తూ, గజ్జెలు ఘల్లుమనేలా గెంతే బృందాన్ని రాతిలో చెక్కితే ఊపిరి ఆగినట్టే. అయితే ఆట ముగిశాక కూడా కెమెరా అక్కడే ఉండాలి. చెమట తుడుచుకుంటూ వాళ్లు చెప్పుకునే కబుర్లూ వినాలి.