ఫ్యాటీ లివర్‌కు మెడిటరేనియన్ ప్యాకేజీ: వ్యాయామం మేలు, ఆలివ్ సీసా అనవసరం

స్థూలకాయంతో పాటు ఫ్యాటీ లివర్ కూడా ఉన్నవారి కోసం హైదరాబాద్‌లోని ఒక కార్పొరేట్ ఆసుపత్రి నడుపుతున్న మూడు నెలల ‘మెడిటరేనియన్ ఆహారం, వ్యాయామం’ ప్యాకేజీని పూర్తి చేసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఆసుపత్రి పేరు చెప్పదలచుకోలేదు. ఇదే తీరు ప్యాకేజీలు నగరంలో మరికొన్ని చోట్ల కూడా అమ్ముతున్నారు కనుక, వాటిలో దేనికి డబ్బు పెట్టవచ్చు, దేనికి అక్కరలేదు అన్నదే చదివేవారికి ఉపయోగపడే విషయం. ప్యాకేజీలో కాలేయ పరీక్షలు, డైటీషియన్ సలహా, ఫిజియోథెరపిస్టు పర్యవేక్షణలో వ్యాయామం, వీటితో పాటు అట్టపెట్టెలో పెట్టి ఇచ్చే ‘ఫుడ్ కిట్’ ఉంటాయి.

ఇటువంటి సేవకు ఈ నగరంలో గిరాకీ ఉండడం సహజమే. ఇక్కడి ఐటీ ఉద్యోగులు 345 మందిని పరీక్షించి 2025లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. పైగా మనవాళ్లకు బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూపే అంకె) 25 దాటగానే స్థూలకాయంగా లెక్కిస్తారు గనుక, తమను తాము కాస్త బొద్దుగా ఉన్నామనుకునే వారిలో చాలామంది ఈ ప్యాకేజీ అమ్మేవారి దృష్టిలో అర్హులే.

పరీక్షల విషయంలో ఆసుపత్రి పనితీరు బాగుంది. అల్ట్రాసౌండ్ రిపోర్టులో ‘గ్రేడ్ 1’, ‘గ్రేడ్ 2’ అని రాసేది కాలేయంలో చేరిన కొవ్వు గురించే గాని, కాలేయం గట్టిపడడం మొదలైందో లేదో ఆ మాట చెప్పదు. అందుకే ఇక్కడ ఫైబ్రోస్కాన్ చేస్తారు. అది కొవ్వును ఒక అంకెగా, గట్టిదనాన్ని కిలోపాస్కల్స్‌లో మరొక అంకెగా చూపుతుంది. కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా రమ్మని ముందే ఫోన్ చేసి చెప్పారు. పొట్ట దగ్గర కొవ్వు మందంగా ఉన్నవారికి వాడవలసిన ఎక్స్‌ఎల్ ప్రోబ్ (ఒంటికి ఆనించి స్కాన్ చేసే పరికరంలో పెద్దది) కూడా వారి దగ్గర ఉంది. అది లేనిచోట స్థూలకాయులకు వచ్చే అంకెలను పూర్తిగా నమ్మలేము కాబట్టి, ఎక్కడ చేరినా ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే. ఒక లోపం మాత్రం ఉంది. వయసు, ఏఎస్‌టీ, ఏఎల్‌టీ అనే కాలేయ ఎంజైముల స్థాయి, ప్లేట్‌లెట్ల సంఖ్య తెలిస్తే చాలు, ఫిబ్-4 అనే స్కోరు పైసా ఖర్చు లేకుండా లెక్కకట్టవచ్చు. అది 1.3 కంటే తక్కువగా వస్తే కాలేయం బాగా గట్టిపడి ఉండే అవకాశం తక్కువ. ఆ రక్తపరీక్షలన్నీ చేసి కూడా ఆ లెక్క చెప్పకుండా అందరినీ నేరుగా ఖరీదైన స్కాన్‌కు పంపడం నాకు సబబుగా తోచలేదు.

ఇక ఆహారం. 1958లో మొదలైన ‘ఏడు దేశాల అధ్యయనం’లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం గ్రీసులోని క్రీట్ దీవి రైతుల్లో గుండెజబ్బు మరణాలు చాలా తక్కువగా ఉన్నట్టు గమనించడంతో ఈ ఆహారపద్ధతికి పేరు వచ్చింది. కూరగాయలు, పప్పుధాన్యాలు, పొట్టు తీయని గింజధాన్యాలు, ఆలివ్ నూనె, చేపలు తరచుగా తినడం, మాంసం తగ్గించడం, తీపి ఎప్పుడో ఒకసారికి పరిమితం చేయడం దాని సారాంశం. కాలేయం విషయంలో కూడా దీనికి ఆధారం లేకపోలేదు. ఆస్ట్రేలియాలో పన్నెండు మందిపై ఆరు వారాల పాటు జరిగిన ఒక చిన్న ప్రయోగంలో, బరువు తగ్గకపోయినా కాలేయంలోని కొవ్వు 39 శాతం తగ్గింది. ఇజ్రాయెల్‌లో 294 మందితో పద్దెనిమిది నెలలు సాగిన పరీక్షలోనూ, ఆకుపచ్చని ఆహారాన్ని మరింత పెంచి మాంసాన్ని మరింత తగ్గించిన వర్గానికే ఎక్కువ మేలు కలిగింది. కనుక ఈ పద్ధతిని ఎంచుకున్నందుకు ఆసుపత్రిని తప్పుపట్టలేము.

తప్పంతా చేతికిచ్చిన పట్టికలో ఉంది. ఉదయం గ్రీకు పెరుగు, వాల్‌నట్లు, బెర్రీలు. మధ్యాహ్నం కినోవా సలాడ్, హమ్మస్. రాత్రి సాల్మన్ చేప. పప్పు, కూర, చారు, పెరుగుతో నడిచే ఇంట్లో ఒక్కరికోసం ఈ వంటకాలు ఎన్నాళ్లు సాగుతాయో పట్టిక తయారుచేసినవారు ఆలోచించినట్టు లేదు. అంతకంటే పెద్ద లోపం నూనె దగ్గర కనిపించింది. రోజుకు మూడు చెంచాల ఆలివ్ నూనె వాడమని రాశారే గాని, ఇంట్లో అప్పటికే వాడుతున్న నూనెను అంతమేరకు తగ్గించాలని ఎక్కడా రాయలేదు. పెద్ద చెంచాడు నూనె ఏదైనా సుమారు 120 కేలరీలు ఇస్తుంది. తాలింపులు, వేపుళ్లు యథాతథంగా ఉంచి దానిపై మూడు చెంచాలు అదనంగా పోసుకుంటే బరువు తగ్గడం అటుంచి పెరుగుతుంది. స్పెయిన్‌లో 7,447 మందిపై జరిగిన ప్రసిద్ధ పరీక్షలో ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె గుండెకు మేలు చేసిన మాట నిజమే. అక్కడ అది వంటింట్లోని ప్రధానమైన నూనె. పట్టికలో చెప్పినట్టు మరో నూనెపై అదనంగా వచ్చి చేరినది కాదు. కిట్‌లోని సీసా, డబ్బాలో నిలవచేసిన ఉప్పటి ఆలివ్ కాయలు, కినోవా పొట్లం బిల్లును పెంచాయి తప్ప, నాకు కలిగిన మేలులో వాటి వాటా ఏమీ కనిపించలేదు.

రెండవ దఫా కలిసిన డైటీషియన్‌కు ఈ సంగతి చెప్పగా, ఆమె విసుక్కోకుండా పట్టికను పక్కనపెట్టి, మా ఇంటి వంటను అడిగి తెలుసుకుని కొత్తది రాసిచ్చారు. ఈ ప్యాకేజీలో నాకు దొరికిన అసలైన ఆహారసలహా అదే. కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. అన్నం కొలతగా ఒక కప్పుకు దిగాలి. గోంగూర పప్పు, తోటకూర పప్పు పలచగా కాక చిక్కగా, ఎక్కువగా తినాలి. సాయంత్రం మిక్చర్‌కు బదులు ఉలవ గుగ్గిళ్లో, ఉడికించిన శనగలో, గుప్పెడు పల్లీలో తినాలి. పెసరట్టు తినవచ్చు గాని లోపల ఉప్మా వద్దు. సాల్మన్‌కు బదులు విశాఖ రేవునుంచి వచ్చే కవళ్లు, కానాగంతలు చాలు. పండు తినమన్నారు, పండ్లరసం మానమన్నారు. కూల్‌డ్రింకుల్లోనూ రసాల్లోనూ ఉండే ఫ్రక్టోజ్ అనే చక్కెర నేరుగా కాలేయంలోనే కొవ్వుగా మారడం అందుకు కారణమని వివరించారు. పంచదార లేని కాఫీకి అభ్యంతరం చెప్పలేదు. ఆవకాయపై తేలే నూనె గురించి మాత్రం ఆమె ఏమాత్రం దయ చూపలేదు. మొదటి పట్టికలో మెడిటరేనియన్ సంప్రదాయమంటూ భోజనంతో కొద్దిగా రెడ్‌వైన్ తీసుకోవచ్చని ఉన్న వాక్యాన్ని కూడా ఆమే కొట్టివేశారు. కాలేయానికి జబ్బు చేసినవారికి అలా రాసి ఇవ్వడం బాధ్యతారాహిత్యమే.

ప్యాకేజీలో నిస్సందేహంగా మెచ్చుకోదగినది వ్యాయామ విభాగం. వారానికి 150 నిమిషాల చురుకైన నడక లేదా దానికి సమానమైన శ్రమ అన్నది ఎక్కడైనా చెప్పే మాటే. అయితే వంద కిలోల మనిషిని మొదటిరోజే ట్రెడ్‌మిల్ ఎక్కిస్తే మోకాళ్లు ఏమవుతాయో ఇక్కడి ఫిజియోథెరపిస్టుకు తెలుసు. కదలని సైకిల్‌తో, కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచి కూర్చునే అభ్యాసంతో మొదలుపెట్టించి, మాట్లాడగలిగేటంత, పాట మాత్రం పాడలేనంత ఆయాసం రావాలన్న సులువైన కొలతతో వేగం పెంచుకుంటూ పోయారు. వారానికి రెండు రోజులు రబ్బరు బ్యాండ్లు, చిన్న బరువులతో కండరాలకు పని చెప్పారు. కండరం గ్లూకోజును ఎక్కువగా వాడుకుంటే కాలేయంపై భారం తగ్గుతుంది. ఇన్సులిన్ తీసుకునేవారికి వ్యాయామానికి ముందు తప్పనిసరిగా షుగర్ చూసేవారు. తూకం యంత్రం కదలకపోయినా వ్యాయామంతో కాలేయంలోని కొవ్వు తగ్గుతుందని పరిశోధనల్లో తేలిన విషయాన్ని మొదటివారంలోనే చెప్పడం వల్ల, మా బృందంలో నిరుత్సాహపడి మానేసినవారు తక్కువ.

‘మూడు నెలల్లో లివర్ క్లీన్’ అంటూ లాబీలో పెట్టిన బ్యానర్ మాత్రం అతిశయోక్తి. క్యూబాలో 293 మందిని ఏడాది పాటు పరిశీలించినప్పుడు, శరీరబరువులో 7 నుంచి 10 శాతం తగ్గినవారిలో కాలేయపు వాపు బాగా తగ్గింది. కాలేయం గట్టిపడడం వెనక్కి మళ్లడం ఎక్కువగా కనిపించింది 10 శాతం, అంతకుమించి తగ్గినవారిలోనే. తొంభై కిలోల మనిషికి అది తొమ్మిది కిలోలు. ఆరోగ్యంగా తగ్గే వేగంలో మూడు నెలలకు అది అందరికీ సాధ్యం కాదు, తొందరపడి కడుపు మాడ్చుకుంటే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం ఉంది. నా విషయంలో చివరి స్కాన్‌లో కొవ్వు అంకె చెప్పుకోదగినంత దిగింది, గట్టిదనపు అంకెలో పెద్ద మార్పు లేదు. ఈ వ్యవధికి అది న్యాయమైన ఫలితమే.

బరువు బాగా ఎక్కువగా ఉండి, మోకాళ్ల నొప్పుల వల్లనో షుగర్ వల్లనో ఒంటరిగా వ్యాయామం మొదలుపెట్టడానికి జంకేవారు ఇందులో చేరవచ్చు. నడవగలిగి, ఇంటివంటను మార్చుకోగలిగినవారికి ఒకసారి స్కాన్, ఒకసారి డైటీషియన్ సలహా సరిపోతాయి, వాటిని విడిగా కూడా తీసుకోవచ్చు. కిట్ వద్దంటే బిల్లులో ఆ మొత్తం తగ్గిస్తారు, కాకపోతే అడిగినవారికే ఆ సంగతి చెబుతారు. మూడు నెలలు దాటాక ఒక్క ఫోన్ కూడా రాదు కనుక, తరువాతి పరీక్ష తేదీని, ఆలోగా తగ్గవలసిన బరువును చివరి అపాయింట్‌మెంట్‌లోనే రాయించుకోవాలి. సాయంత్రం ఏడు తరువాత వ్యాయామానికి రెండే బ్యాచ్‌లు ఉన్నాయి; షిఫ్టుల్లో పనిచేసేవారు వాటిలో చోటు ఉందని రూఢి చేసుకున్నాకే డబ్బు కట్టడం మంచిది.